చంద్రలోకానికి పోయిన ప్రభ

యుద్ధం సాగుతున్న ఆ కాలంలో నరసరావుపేటలో కిరసనాయిలు దొరకడం కష్టం, కాగితం దొరకడం అంతకన్నా కష్టం, ఇంటర్మీడియట్ తప్పిన కుర్రాళ్ళు మాత్రం వీధికి పదిమంది చొప్పున దొరికేవాళ్ళం. మిగతావాళ్ళు పేకాట నేర్చుకుని బాగుపడ్డారు. నేను గుంటూరులో పాత పుస్తకాల కొట్టు నుంచి అట్టలూడిన ఇంగ్లీషు పత్రికలు తెచ్చుకుని, మనిషి చంద్రమండలానికి ఎలా వెళతాడా అని ఆలోచిస్తూ చెడిపోయాను. ఆ తర్వాత నలభై ఏళ్ళు అలాంటి కథలు రాసీ, పక్కవాళ్ళ చేత రాయించీ, దిద్దీ, అచ్చువేసీ బతికాను. ఇప్పుడు సభల్లో మెడలో దండ వేసి 'వైజ్ఞానిక కథలకు ఆద్యులు' అని ఏదో అంటారు. (అప్పటికి వాటికి తెలుగులో పేరు కూడా లేదు. మా అమ్మ 'వాడి వెర్రి రాతలు' అనేది. ఇన్నేళ్ళ తర్వాత ఆలోచిస్తే ఆ పేరే ఖాయం చేయాల్సింది.) అలాంటి ఆద్యుడి మొదటి నవల ఎలా ముగిసిందో ఏ సభలోనూ చెప్పలేదు. ఇక్కడ మీకు చెబుతాను, నవ్వినా ఫరవాలేదు.

మా నాన్న మిషన్ బడిలో పంతులు. ఆయనతో చదువుకున్న ఒకాయన పేటలో చిన్న అచ్చాఫీసు పెట్టి నాలుగు పేజీల వారపత్రిక నడిపేవాడు. నాకు వరసకు బాబాయి. 'మీవాణ్ణి నా దగ్గర పడెయ్, మనిషి చేస్తా' అని ఆయన మాటిచ్చాడు గనక నన్ను అక్కడ పడేశారు. ఉద్యోగం పేరు సహాయ సంపాదకుడు. పని ప్రూఫులు దిద్దడం, చిరునామాలు రాయడం, జిగురు ఉడకబెట్టడం. పత్రికలో పత్తి ధరలు, కోర్టు తీర్పులు, పెళ్ళికొడుకులకు ఆశీస్సులు పోను అర పేజీ మిగిలేది. ఆ అర పేజీలో వారం వారం నవల రాస్తానని మూడు నెలలు బాబాయి వెంటపడ్డాను. చివరికి విసిగిపోయి, 'రాయరా నాయనా రాయి, కాకపోతే మనవాళ్ళకి అర్థమయ్యేట్టు ఏడువు' అన్నాడు.

మనవాళ్ళకి అర్థమయ్యేట్టు అంటే ఏమిటా అని తల బద్దలుకొట్టుకుంటే దొరికింది ప్రభ. కోటప్పకొండ తిరనాళ్ళు తెలిసినవాళ్ళకి ప్రభంటే చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళకోసం: వెదురు గడలతో మేడంత ఎత్తున కట్టి, రంగు గుడ్డలూ కాగితాలూ తొడిగి, బండి మీద నిలబెట్టి, చుట్టూ మోకులు పట్టుకుని ఎడ్ల చేత కొండ దాకా లాగించేది. శివరాత్రికి ప్రతి ఊరూ ఒకటి కడుతుంది. పక్కూరి ప్రభకన్నా మూరెడు ఎత్తు లేకపోతే ఆ ఏడు ఆ ఊళ్ళో మగవాళ్ళు తలెత్తుకు తిరగరు. ఇంగ్లీషు పత్రికలో బొమ్మ వేసిన ఆకాశయానం కూడా అచ్చం అలాగే పొడుగ్గా, మొనదేలి ఉంది. ఇంకేం! ప్రభ అడుగున వెయ్యి తారాజువ్వలు కట్టి, లోపల నలుగురు రైతుల్ని కూర్చోబెట్టి, శివరాత్రి నడిరేయి, నడినెత్తిన వెన్నెల కురిపిస్తున్న పూర్ణచంద్రుడి వైపు రివ్వున వదిలాను. భూమ్యాకర్షణ గురించి ఒక వారం అర పేజీ అంతా రాశాను. అది ఎవరూ చదవలేదని తర్వాత తెలిసింది.

చేసిన పొరపాటల్లా, ఆ ప్రభ ఏ ఊరిదో రాయడం. ఒక ఊరి పేరు వాడాను. దాన్ని ఇక్కడ పైఊరు అంటాను, దాని పోటీ ఊరిని కిందూరు అంటాను. (అసలు పేర్లు ఇప్పటికీ రాయను. ఆ ఊళ్ళ మనవళ్ళు ఇంకా ప్రభలు కడుతున్నారు, నా మోకాళ్ళు ఇదివరకట్లా పరిగెత్తవు.) మూడో వారం పత్రిక వెళ్ళిన నాలుగో రోజు పొద్దున అచ్చాఫీసు ముందు బండి ఆగింది. కిందూరి పెద్దాయన దిగాడు, వెనక పది మంది దిగారు. ఆఖర్న ఆయన అక్క, కంటికి మందు వేయించుకోవడానికి వచ్చిన డెబ్బై ఏళ్ళ మామ్మ, చెయ్యిపట్టుకుని దించితే దిగి, అరుగు మీద కూర్చుంది.

'ఎవుర్రా ఈ చంద్రుడి కత రాసేది?' అన్నాడు పెద్దాయన.

నా అభిమాని అనుకున్నాను. ఒట్టు, అలాగే అనుకున్నాను. జుట్టు సవరించుకుని ముందుకొచ్చి 'నేనేనండీ' అన్నాను.

'నువ్వా? ఏంది, పైఊరోళ్ళ ప్రభ చంద్రలోకం పోద్దా? మొన్నటేడు కొండ కింద వాగు దాటలేక పక్కకు ఒరిగింది, మా కుర్రోళ్ళు మోకులు పట్టకపోతే ఏట్లో పడేది. అది చంద్రుడి దాకా పోద్దంటే నమ్మటానికి మేం ఎర్రిబాగులోళ్ళమా?'

మనుషులు చంద్రుడి మీదికి వెళ్ళడం గురించి ఆ పది మందిలో ఒక్కరికీ సందేహం లేదు. తారాజువ్వల గురించి లేదు. దారిలో గాలి ఉండదన్నా ఎవరూ కాదనలేదు. పైఊరు ముందు పోవడం ఒక్కటే సైన్సుకి విరుద్ధం. 'మాది వాళ్ళదానికన్నా రెండు బారలు పొడుగు. పోతే మాదే పోవాల. లేదంటే ఈ పేపరు మా ఊళ్ళో అడుగుపెట్టదు, మా సుట్టాల ఊళ్ళలోనూ అడుగుపెట్టదు' అన్నాడు పెద్దాయన.

బాబాయి మొహం పాలిపోయింది. ఆ పెద్దాయన సుట్టాల ఊళ్ళంటే పల్నాడులో సగం. 'కూర్చోండి మావయ్యా, కుర్రాడు తెలీక రాశాడు. వచ్చే వారం మీ ప్రభ కూడా లేస్తుంది, నాదీ పూచీ' అని బతిమాలాడు. అందరూ కాస్త చల్లబడి మజ్జిగ తాగుతుండగా అరుగు మీంచి మామ్మ నెమ్మదిగా అంది:

'అబ్బాయ్, శివరాత్రి నాడు చందమామ ఏడుంటాడ్రా?'

గ్లాసులు పట్టుకుని అందరూ ఆమె వైపు తిరిగారు.

'యాభై ఏళ్ళుగా జాగారం చేస్తన్నా. ఒక్కనాడూ ఆకాశంలో ఆడి మొహం చూళ్ళేదే! మర్నాడో ఎల్లుండో అమాసగదా. తెల్లారగట్ల గోరంత ముక్క వస్తే వచ్చుద్ది. నువ్వేమో వెన్నెల కురిసిందని రాస్తివి.'

'నువ్వుండక్కా, ఈడ ప్రభ సంగతి తేలకుండా చందమామ సంగతేంది!' అని పెద్దాయన కసిరాడు. నాకు మాత్రం చెవులు కాలిపోయాయి. కోటప్పకొండ తిరనాళ్ళకి ఏటా వెళ్ళేవాణ్ణి, కాకపోతే మధ్యాహ్నం వెళ్ళి చెరుకు నమిలి, నాన్న భయానికి పొద్దుగూకేసరికి ఇంట్లో పడేవాణ్ణి. రాత్రి కొండ దగ్గర ఆకాశం ఎలా ఉంటుందో నాకేం తెలుసు? వెన్నెల లేకపోతే వర్ణన బాగోదని పెట్టేశాను. చంద్రుడికీ భూమికీ ఎంత దూరమో ఆ కాలంలో మా పేటలో నాకొక్కడికే కంఠతా వచ్చు. ఆ రోజు చంద్రుడు ఉంటాడో ఉండడో నాకు తప్ప అందరికీ తెలుసు. బాబాయి ప్రూఫులో నా దీర్ఘాలన్నీ దిద్దాడు గాని ఆకాశం ఆయన కంటికీ ఆనలేదు.

మర్నాటికల్లా వార్త పైఊరికి చేరింది. అక్కడి ప్రెసిడెంటుగారు ఒక్కడే వచ్చాడు, ఒక్కడే పది మంది పెట్టు. 'మాది లేచి మూడు వారాలైనాక ఆళ్ళది ఎనక లేచి ముందు చేరుద్దా? చూస్తా ఎట్టా చేరుద్దో!' అని, మజ్జిగ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. బాబాయి తలుపు వేసి, 'ఒరేయ్, కాగితం ఒకవైపు చంపుతుంది, నువ్వొకవైపు. ఈ వారంతో కత ముగించు. రెండూళ్ళూ మెచ్చాల. ఎవడు అలిగినా సోమవారం నుంచి నువ్వు మీ ఇంట్లో కూర్చుని చంద్రుణ్ణి చూసుకో' అన్నాడు. ఇంట్లో కూర్చోవడం అంటే మళ్ళీ ఇంటర్మీడియట్ కట్టడం. నిజంగా ఏడుపొచ్చింది.

రెండూళ్ళూ ఒకేసారి దిగినట్టు రాస్తే ఎవరి కాలు ముందు ఆనిందని అడుగుతారు. ఎవరూ వెళ్ళలేదంటే కథే లేదు. పెన్ను నములుతూ కూర్చున్నవాడికి మామ్మ మాట గుర్తొచ్చింది, అంతే, నా అంతవాడు లేడనుకున్నాను. కిందూరి ప్రభ కూడా జామ్మని లేచి పైఊరిదాన్ని అందుకుంది. రెండూ ఆకాశమంతా గాలించాయి. అమావాస్య దాపుల చీకటి, చంద్రుడు కనబడితేగా! (ముందు కురిపించిన వెన్నెల ఏమైందని రెండూళ్ళలో ఒక్కరూ అడగలేదు.) తిరిగి తిరిగి, మోకులు ఒకదానికొకటి చుట్టుకుని, ఒకదాన్నొకటి లాక్కుంటూ రెండూ కోటప్పకొండ మీదే దిగాయి. సమాప్తం.

రెండూళ్ళూ పండగ చేసుకున్నాయి. కిందూరి పెద్దాయన గంపెడు దోసకాయలు పంపి, 'మాది చేరకపోతే పోయె, ఆళ్ళదీ చేరలేదుగా, చాలు' అని కబురు పెట్టాడు. పైఊరి ప్రెసిడెంటుగారు దారిలో కనబడి అచ్చంగా అదే మాట అని నా వీపు చరిచాడు. నా ఉద్యోగం నిలబడింది. బాబాయి మా నాన్నతో 'వీడికి లోకజ్ఞానం వచ్చిందిరా' అన్నాడు. కాలరెత్తుకుని తిరిగాను.

రెండు వారాలకు మామ్మ మళ్ళీ కంటి మందుకి వచ్చింది. అరుగు మీద కూర్చుని నన్ను పిలిపించింది. నా తప్పు ఎత్తిచూపినందుకు దణ్ణం పెడదామని, చెప్పొద్దూ, కాస్త మెచ్చుకుంటుందేమోనని కూడా, వెళ్ళాను.

'కత చదివి వినిపించారు నాయనా' అంది. 'నాకేం బాలేదు.'

'అదేంటి మామ్మా, నువ్వు చెప్పినట్టేగా రాశాను?'

'నేను చందమామ లేడన్నా గాని, పోవద్దన్నానా? ఆడేముంటదో, నువ్వు చెబితే విందామని వారం వారం కాచుక్కూచున్నా. చూపు పోతంది, ఇంక నేను చూసేది ఏముంది, వినటమే. మగోళ్ళు తగాదా పడ్డారని ఎనక్కి తెస్తివే! పద్నాలుగు పదైదు రోజులు ఆగితే పున్నమి రాదంట్రా? ఆగమని చెప్పలేకపోయావా ఆళ్ళకి?'

అంత సులువైన సంగతి నాకు తట్టలేదు. తట్టినా రాసేవాణ్ణి కాదు. నాకు కావలసింది సోమవారం ఉద్యోగం, చంద్రుడు కాదు. మామ్మ నా చెయ్యి తట్టి, 'పోనీలే, చిన్నోడివి' అని బండెక్కింది. ఆ కథ మళ్ళీ రాసి ఆమెకి వినిపిద్దామనుకున్నాను. కాగితం లేదన్నారు, తర్వాత నాకు తీరిక లేదు, తర్వాత ఆమె లేదు.

ఎడిటర్‌నయ్యాక నా బల్ల మీదికి వందల కథలు వచ్చాయి. లెక్కలు తప్పినవి దిద్ది వేసుకున్నాను. సగం దారిలో వెనక్కి తిరిగినవాటిని మాత్రం, రాసింది ఎంత పేరున్న వాడైనా, ఒక్క మాట రాసి తిప్పి పంపేవాణ్ణి: 'అక్కడ ఏముందో చెప్పండి, ఒకరు వినడానికి కూర్చున్నారు.' ఎవరు కూర్చున్నారని చాలామంది జాబు రాసి అడిగారు. పాఠకులండీ అని జవాబిచ్చాను. ఉద్యోగం నిలబెట్టుకున్నానని కాలరెత్తుకు తిరిగిన ఆ ఇరవయ్యేళ్ళ వాడి మీద ఇప్పుడు కోపం రాదు, నవ్వే వస్తుంది. పదిహేను రోజులు ఆగాడు కాదు, వెధవ.