వంతెన స్తంభం మీది ఎర్రగీత

మా రబ్బరు పడవల షెడ్డులో అందరూ ఆయన్ని చాదస్తం బాబాయి అంటారు. ముఖం మీద అనేది మాత్రం నేనొక్కణ్ణే. రాళ్ళ మధ్య ఉరకలేసే నీళ్ళలో ఇరవై రెండేళ్ళుగా జనాన్ని తిప్పి తీసుకొస్తున్నాడు. ఒక్కరినీ పోగొట్టలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే ముఖం చిట్లిస్తాడు. "మంగలి చెవి కొయ్యలేదని మెచ్చుకుంటామా ఏంటి?"

పడవ నీళ్ళలోకి దిగే ముందు ఆయన తతంగం చూడాలి. ప్రతి ఒక్కరి లైఫ్ జాకెట్‌నూ భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగుతాడు. గడ్డం దాటి పైకొచ్చిందంటే బెల్టులు మళ్ళీ బిగించాల్సిందే. నీళ్ళలో పడ్డవాళ్ళకి విసిరే తాడును సంచిలోంచి మొత్తం బయటికి తీసి, ముడులు లేవని చూసుకుని మళ్ళీ కూరతాడు. రాళ్ళ మలుపుకి దిగువన, ఒక్కడే తెడ్డేసే చిన్న కయాక్ పడవ ఒకటి ముందే కాపలా ఉండాలి. వీటన్నిటికన్నా ముందు వంతెన స్తంభం మీది ఎర్రగీత. నీళ్ళు దాన్ని తాకితే ఆ రోజు పడవ దిగదు, అంతే.

షెడ్డు మా అన్నయ్యది. అతగాడికి ఆ గీత కంట్లో నలుసు. పైన వానలు పడబోతున్నాయని తెలిసి గురువారం నా చేతికి రంగు డబ్బాలిచ్చాడు.

"పాతదాన్ని బూడిద రంగుతో కప్పెయ్. రెండడుగులు పైన కొత్తది గియ్. ఆదివారం పన్నెండుమంది వస్తున్నార్రా. ఆయన చాదస్తం కోసం వెనక్కి పంపమంటావా?"

"ప్రమాదం కాదా అన్నయ్యా?"

"నీకెందుకు, గియ్యి."

నాలుక గీసుకోవడానికి కూడా పనికిరాని మాటలు. అయినా విన్నాను. నడుముకు తాడు కట్టుకుని వేలాడుతూ, బద్ద పెట్టి మరీ తిన్నగా గీశాను. వంకర పోలేదని కాస్త మురిసిపోయాను కూడా. తలుచుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది.

ఆదివారం పన్నెండుమందీ వచ్చారు, అంతా ఒకే ఆఫీసు వాళ్ళు. "నాకు ఈత రాదండీ" అంది ఒకావిడ. "జాకెట్ తేలుస్తుందమ్మా, నేను చెప్పినట్టు వినండి చాలు" అని ధైర్యం చెప్పి బాబాయి వంతెన దగ్గరికి బయల్దేరాడు. నేనూ వెనకే వెళ్ళాను.

బురద నీళ్ళు సుడులు తిరుగుతున్నాయి. గీతకు ఇంకా జానెడు కిందే ఉన్నాయి. బాబాయి గీతను చూశాడు. తర్వాత రేవు మెట్ల మీద గొంతుక్కూర్చుని, చొక్కా చెయ్యి మడిచి, నీళ్ళలో చెయ్యి పెట్టి తడిమాడు. మోచెయ్యి దాటి మునిగింది.

"పడవ కట్టే ఇనప రింగు ఇదిగో, అడుగున తగులుతోంది. రింగూ గీతా ఒకే ఎత్తులో ఉంటాయి. రింగు ఇంత లోతుకి మునిగితే గీత పొడిగా ఎలా ఉందిరా?"

నేను చేతులు వెనక్కి దాచుకున్నాను. ఆయన నా చెయ్యి అందుకుని గోళ్ళు చూశాడు. మూడు రోజులైనా ఎరుపు పోలేదు. చెయ్యి వదిలేసి, తన చేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

షెడ్డుకొచ్చి రెండు జాకెట్లు తీశాడు. ఒకటి అన్నయ్య ముందు, ఒకటి నా ముందు పడేశాడు.

"ముందు మీరిద్దరూ ఎక్కండి, నేను నడుపుతా. తిరిగొస్తే అప్పుడు వీళ్ళని ఎక్కిద్దాం."

అన్నయ్య నవ్వబోయాడు. "నాకివాళ కడుపులో బాగాలేదు బాబాయ్."

ఎంత అసహ్యం వేసిందో చెప్పలేను. నేనైనా ఎక్కుతానన్నానా? అదీ లేదు. ఈత రాని ఆవిడ తన జాకెట్ విప్పి అన్నయ్య బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. మిగతావాళ్ళూ ఆమె వెనకే వెళ్ళారు.

నీళ్ళు తగ్గడానికి ఆరు రోజులు పట్టింది. అన్నయ్యను అడగకుండానే మళ్ళీ తాడు కట్టుకుని దిగాను. పైగీత చెరిపేశాను. బూడిద రంగు గీకి, పాత గీతను ఎర్రగా దిద్దాను. మర్నాడు బాబాయి రేవుకి వస్తే పిలిచాను.

"సరిగ్గా పాతచోటే గీశాను బాబాయ్, ఒకసారి చూడు."

ఆయన తలెత్తలేదు. గొంతుక్కూర్చుని, రింగు కింద ఎన్ని మెట్లు పొడిగా ఉన్నాయో లెక్కపెట్టుకుంటున్నాడు.

"గీసింది నువ్వే కదా" అన్నాడు.