పైపులోంచి వచ్చిన ఒక్క వాక్యం

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆయుధపూజ నాడు మా ఆఫీసు సర్వరుకు కుంకుమ పెట్టి నిమ్మకాయ కడుతుంటే, దీనికీ దిష్టి తగులుతుందా అని అడిగి చీవాట్లు తిన్నవాణ్ణి. ముందే చెబుతున్నాను, చదివాక నాకు తాయెత్తు కట్టుకోమని ఎవరూ సలహా ఇవ్వకండి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. మారతహళ్ళి దగ్గర చిన్న కంపెనీ. ఒక కంప్యూటర్లోని ఫైళ్ళను ఇంకో కంప్యూటర్లోంచి వాడుకునే ప్రోగ్రాము తయారుచేసేవాళ్ళం. పైపు అని ఒక ప్రత్యేకమైన ఫైలు ఉంటుంది. దాంట్లో ఏదీ నిలవుండదు. ఒక చివర రాస్తే రెండో చివర చదువుకోవచ్చు, అంతే. రాసేదీ చదివేదీ ఒకే కంప్యూటర్లో ఉండాలి.

షాహీన్ మదనపల్లె అమ్మాయి, మా టెస్టర్. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. పైపు చేయమంటే మన ప్రోగ్రాము ఒక్కోసారి మామూలు ఫైలు చేస్తోందని రిపోర్టు రాసింది. మళ్ళీ చేసి చూపించమంటే ఆ తప్పు రాలేదు. నేను ప్రయత్నించినా రాలేదు. లేనిపోనివి రాస్తోందని మేనేజరు తేల్చేశాడు. సోమవారంలోగా రుజువు కాకపోతే ఉద్యోగం లేనట్టే. అంతలో ఆమె టైఫాయిడ్‌తో మడివాళలో ఆస్పత్రిపాలైంది. నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల అబద్ధం రాసే రకం కాదు.

శనివారం మధ్యాహ్నం ఒక్కణ్ణే కూర్చున్నాను. ఆఫీసు నెట్‌వర్క్ తీసేసి, రెండు కంప్యూటర్లను ఒకే వైరుతో కలిపాను. పైపు చేశాను. ఎప్పటిలాగే సరిగ్గానే వచ్చింది. చదివే చివర తెరిచి వదిలేసి, డబ్బా విప్పి పెరుగన్నం కలుపుకున్నాను.

చెయ్యి అన్నంలో ఉండగానే స్క్రీన్ మీద ఒక వాక్యం వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. "ముందు మామూలు ఫైలు చెరుపన్నా, అదే పేరుతో వెంటనే పైపు చెయ్యి."

ఆఫీసులో తెలుగువాళ్ళం మేమిద్దరమే. నన్ను అన్నా అనేది షాహీన్ ఒక్కతే.

చెయ్యి కడుక్కుని వెతికాను. రెండు కంప్యూటర్లలోనూ నేను తప్ప ఎవరూ లాగిన్ అయి లేరు. అటు చివర రాసే ప్రోగ్రామంటూ ఏదీ లేదు. వైరు పెట్టినచోటే ఉంది.

చెప్పినట్టే చేశాను. మామూలు ఫైలు వచ్చింది! పదిసార్లు చేస్తే పదిసార్లూ అంతే. చెరిపేసిన ఫైలు ఇంకా ఉందనే మా ప్రోగ్రాము కొన్ని సెకన్లపాటు అనుకుంటోంది. తప్పు అక్కడుంది.

ఆదివారం ఆస్పత్రికి ఆ వాక్యం ప్రింటు తీసుకెళ్ళి చూపించాను. షాహీన్ రెండుసార్లు చదివింది.

"ఇది నాకే తెలీదన్నా. తెలిసింటే రిపోర్టులోనే రాసేదాన్ని గదా," అంది. ప్రింటు మడిచి, "అయితే నేను రాసింది నిజమే గదా?" అని ఏడ్చేసింది.

సోమవారం మేనేజరు తప్పు ఒప్పుకున్నాడు, ఆమె ఉద్యోగం నిలిచింది. కానీ నా రిపోర్టులో, తప్పు ఎలా కనిపెట్టారన్న చోట పైపులోంచి వాక్యం వచ్చిందని నేను రాసింది తీసేయమన్నాడు, కస్టమర్లు నవ్వుతారట. తీసేస్తే నా పేరు కూడా తీసేయమన్నాను. ఆయన సర్వరు మీది ఎండిన నిమ్మకాయ వైపు చూశాడు.

ఆ వాక్యం ఎవరు రాశారో నాకు ఇప్పటికీ తెలియదు. రిపోర్టులోనూ తెలియదనే రాశాను, దయ్యమని రాయలేదు. చూసింది చూసినట్టు రాసినందుకే ఆ పిల్లను వెళ్ళగొట్టబోయారు. నేను మాత్రం మార్చి ఎలా రాస్తాను?