సత్తిబాబు చొక్కా విప్పిన రోజు

2004వ సంవత్సరం. తెనాలిలో భార్యాభర్తలైన ఇద్దరు డాక్టర్లు నడిపే నర్సింగ్ హోమ్‌లో నేను స్టాఫ్ నర్సుని. మేడమ్ కాన్పులు చూసేవారు, సార్ పిల్లల్ని చూసేవారు. మా ఇల్లు బాపట్ల. పొద్దున పాసింజరులో వచ్చి సాయంత్రం పాసింజరులో పోయేదాన్ని. ఆడవాళ్ళ పెట్టెలో నాకోసం కిటికీ పక్క సీటు ఆపి ఉంచేవారు. ప్రేమతో కాదు, కథల కోసం. "నువ్వు చెప్పేదాంట్లో సగం తీసేసినా మిగిలిన సగం కూడా అబద్ధమేనే" అనేది చీరాల నుంచి వచ్చే ఒక టీచరమ్మ. ఆవిడ అంతమాట అన్నా సీటు ఆపడం మాత్రం మానలేదు.

మా రెండో అంతస్తులో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల గది ఉండేది. ఎన్.ఐ.సి.యు. అంటాం. అందులో ఇన్‌క్యుబేటర్లు, అంటే బిడ్డను వెచ్చగా ఉంచే గాజుపెట్టెలు, రెండుండేవి. దాన్ని ఆనుకుని ఇంకో గది. దానికి మేం పెట్టుకున్న పేరు కంగారూ గది. నెల తక్కువ పిల్లల ఒంట్లో కొవ్వుండదు, వేడి నిలవదు. కంగారూ కేర్ అంటే బిడ్డకు టోపీ, లంగోటీ తప్ప ఏమీ లేకుండా తల్లి గుండెల మీద నిలువుగా పడుకోబెట్టి, ఒంటికి ఒళ్ళు తగిలేలా పైన గుడ్డ చుట్టడం. తల్లి ఒంటి వేడే బిడ్డకు మందు. గంటల తరబడి అలాగే కూర్చోవాలి. నాలుగు మంచాల మీద నలుగురు తల్లులు రవికలు వదులు చేసుకుని, కబుర్లు చెప్పుకుంటూ కూర్చునేవారు. మగవాళ్ళకు గుమ్మం దాకానే ప్రవేశం.

నాగమణి మా దగ్గరికి ఏడో నెలలో వచ్చింది. నిజాంపట్నం అవతల ఒక పేట. మొగుడు సత్తిబాబు వేట పడవ మీద పోతాడు. అత్త పోలమ్మ రేపల్లె బజార్లో చేపలమ్ముతుంది. స్కానింగులో కవలలని తేలగానే మేడమ్ వాళ్ళకు విడమరిచి చెప్పారు. ఇద్దరుంటే గర్భసంచి తొందరగా సాగుతుంది, నొప్పులు ముందే రావచ్చు, పైగా నాగమణికి బీపీ ఉంది, ఇంటికి పంపడం కుదరదు అని.

"కాపరానికొచ్చిన కొత్తలో జంట అరటిపండు తిందండి" అంది పోలమ్మ, నేరం చేసింది తనే అయినట్టు తల దించుకుని. "వద్దే అన్నాను. నవ్వుతా తినేసింది."

"అరటిపండు తింటే కవలలు పుట్టేట్టయితే దుగ్గిరాల అరటి సంతలో బేరగాళ్ళందరికీ కవలలే పుట్టాలి పెద్దమ్మా" అన్నాను. వార్డంతా నవ్వింది. పోలమ్మ నవ్వలేదు.

నాగమణి మంచం దిగకుండా వారాలు గడిపింది. కడుపులో పిల్లల ఊపిరితిత్తులు గట్టిపడటానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చాం. సూది గుచ్చినప్పుడు కూడా మూలగని పిల్ల, నేను బీపీ చూసి పట్టీ విప్పుతుంటే మాత్రం ప్రతిసారీ ఒకే మాట అడిగేది.

"ఇద్దరూ ఇంటికొస్తారా సిస్టర్?"

ఆ ప్రశ్నకు డాక్టర్ల దగ్గరే జవాబు లేదు. నా దగ్గర కథ ఉంది. "నన్ను చూడు. ఏడో నెలలో పుట్టాను. అప్పట్లో బాపట్లలో ఇన్‌క్యుబేటర్ ఎక్కడిది? మా అమ్మ ఆవకాయ జాడీ కడిగి, దూది పరిచి, నన్ను అందులో పెట్టి మూత వారగా వేసింది. మూడు నెలలు జాడీలోనే ఉన్నాను. నా నోటికింత ఘాటు ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నావు?"

నాగమణి పొట్ట పట్టుకుని నవ్వేది. నేను నిండు నెలలకు, నాలుగు కిలోల బరువుతో పుట్టి మా అమ్మ ప్రాణం మీదికి తెచ్చానని ఆ అమ్మాయికి చెప్పాల్సిన పనేముంది?

ఎనిమిదో నెల నడుస్తుండగా బీపీ అదుపు తప్పింది. ఆపరేషన్ చేసి ఇద్దర్నీ బయటికి తీశారు. ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దది కాస్త నయం, కిలోన్నర దాకా ఉంది. చిన్నది అంతకంటే బాగా తక్కువ. ఏడుపు కూడా పిల్లికూన గొంతుతోనే. మొదటి రోజులు ఇద్దరూ గాజుపెట్టెల్లో గడిపారు. ఊపిరి నిలదొక్కుకుంది, గొట్టంతో పాలు పడుతున్నాం. అప్పుడు వచ్చింది చిక్కు. వేరే ఊరి నుంచి వీళ్ళకంటే కష్టంలో ఉన్న బిడ్డొకటి వచ్చింది, ఒక పెట్టె వాడికి ఇవ్వాల్సి వచ్చింది. రెండోది ఆ పొద్దున్నే పాడైంది. మెకానిక్కు విజయవాడ నుంచి రావాలి.

"కంగారూ కేర్ మొదలుపెట్టండి" అన్నారు సార్. "పెద్దదాన్ని తల్లికివ్వండి. రెండో పాపను తండ్రికివ్వండి. తండ్రి ఒళ్ళయినా వెచ్చగానే ఉంటుంది."

నాగమణికి ఆపరేషన్ కుట్లతో, తగ్గని బీపీతో ఒక్కదాన్ని మోయడమే ఎక్కువ. పెద్దదాన్ని గుండెల మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. చిన్నదాన్ని ఉన్న ఒక్క వార్మర్ కింద, అంటే పైనుంచి వేడి తగిలే బల్ల మీద, ఇంకో బిడ్డ పక్కన సర్దాం. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపే దాని అరికాళ్ళు చల్లబడిపోయేవి. నెల తక్కువ బిడ్డ చలి తగిలితే ఊపిరి తీసుకోవడమే మరిచిపోతుంది. అంతకంటే వివరం అక్కర్లేదు.

సత్తిబాబు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. తలుపుకి సరిపోయే మనిషి. విషయం చెప్పాను.

"చొక్కా విప్పాలా అండి?"

"విప్పాలి. లోపలికొచ్చి ఆ మూల కుర్చీలో కూర్చోవాలి."

"అక్కడ ఆడోళ్ళున్నారు కదండి."

"నువ్వు పడవ మీద చొక్కాతోనే వల లాగుతావా తమ్ముడూ?"

"సముద్రం ముందు విప్పడం వేరండి" అన్నాడు నేల చూస్తూ.

వెనక నుంచి పోలమ్మ అందుకుంది. "పురుడు వెళ్ళేదాకా మా వాళ్ళలో మగాడు పసిబిడ్డను ముట్టుకోడమ్మా. మైల తగిలినోణ్ణి పడవ ఎక్కనివ్వరు. వాడితో పాటు ఇంకో ఆరుగురు పోతారు ఆ పడవ మీద. రేపు వల ఖాళీగా వస్తే వీడి మొహానే చూస్తారు."

నేను ఆవిడను పక్కకు తీసుకెళ్ళి నెమ్మదిగా చెప్పాల్సింది. కానీ గదిలో నలుగురు తల్లులు వింటున్నారు. వినేవాళ్ళుంటే నా నోరు ఊరుకోదు.

"మైలకి చేపలు పారిపోతాయా పెద్దమ్మా? అయితే ఇన్నేళ్ళు పురుళ్ళు పోసిన దాన్ని నేను. సూర్యలంకలో ఒకసారి కాళ్ళు కడుక్కున్నాను. మర్నాడు అక్కడి చేపలన్నీ మూటాముల్లె సర్దుకుని మద్రాసు వెళ్ళిపోయాయట. వెనక్కి పిలవడానికి కలెక్టరుగారు బోటు వేయించారు."

గది గొల్లుమంది. ఒక బాలింత కుట్లు నొప్పి పుట్టి "అమ్మా, నవ్వించకండి సిస్టర్" అంది. ఆ నవ్వులో పోలమ్మ కొంగు తల మీదికి లాక్కుని మెట్ల వైపు వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు దగ్గింది. ఆవిడకు పొడిదగ్గు ఉండేది, మాట్లాడితే ఎక్కువయ్యేది. సత్తిబాబు తల్లి వెనకాలే చూశాడు గానీ కదల్లేదు.

నేను గెలిచాననుకున్నాను. ఇక వాణ్ణి ఒప్పించడమే మిగిలింది. బాపట్ల కానిస్టేబుల్ కథ చెప్పాను. వాడి మీసం చూసి దొంగలు తమంతట తామే స్టేషనుకి వచ్చేవారు, అలాంటివాడు నెల తక్కువ కొడుకుని గుండెల మీద పెట్టుకుని కూర్చుంటే మీసం చక్కిలిగింతకి ఆ బిడ్డ మొదటిసారి నవ్వాడు అని.

"నిన్న వార్డులో చెప్పినప్పుడు ఆయన మిలట్రీ అన్నారండి" అన్నాడు సత్తిబాబు, మర్యాదగానే.

తల్లులు మళ్ళీ నవ్వారు, ఈసారి నన్ను చూసి. నవ్విన కొద్దీ వాడి మొహం ఇంకా ఎర్రబడింది. ఒక్కో కథకీ ఒక్కో అడుగు వెనక్కి వేసి, వరండా గోడకు ఆనుకుపోయాడు. పక్క గదిలో వార్మర్ కింద చిన్నదాని అరికాలు పట్టుకుని చూసి వచ్చాను. చల్లగా ఉంది. మంచం మీంచి నాగమణి కళ్ళు తెరవకుండానే అడిగింది.

"చిన్నదేది సిస్టర్?"

నేను పెద్దదాని మీది గుడ్డ సర్దాను.

అప్పుడు పోలమ్మ వచ్చింది. మెట్ల దగ్గరి కుళాయి కింద మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని, చేతులు పైకెత్తి పట్టుకుని, నీళ్ళు మోచేతుల నుంచి కారేలా నడిచి వచ్చింది. మేం కడుక్కునే పద్ధతి అది. ఇన్ని వారాలూ గుమ్మంలో కూర్చుని చూసి నేర్చుకుందన్నమాట. తిన్నగా మూల కుర్చీ దగ్గరికి వెళ్ళి, కొంగు భుజం మీంచి తీసి, అందరి ముందూ రవిక ముడి విప్పేసింది.

"నాకియ్యమ్మా" అంది. "మైల తగిలితే నాకు తగులుద్ది. నేను పడవెక్కేదాన్ని కాదుగా."

ఆ ఒంటి మీద ఎండకు నల్లబడ్డ మెడ, దాని కింద ఎప్పుడూ ఎండ చూడని తెల్లటి చర్మం, ముడతలు. ఎవరూ నవ్వలేదు. మంచాల మీది తల్లులు చెప్పకుండానే గోడ వైపు తిరిగారు. తిరగనిదాన్ని నేనొక్కదాన్నే. ఎందుకంటే నేనొక మాట చెప్పాలి.

"పెద్దమ్మా, నీకు దగ్గుంది. దగ్గున్నవాళ్ళు నెల తక్కువ పిల్లల్ని..."

ఆవిడ చేతులు చాచే ఉన్నాయి.

"ఊపిరి బిగబట్టుకుంటానమ్మా" అంది.

నా వృత్తిలో నెత్తురు చూశాను, శవాలు చూశాను, ఇద్దరు డాక్టర్లు ఒకేసారి తిట్టగా విన్నాను. ఆ మాటకు సిగ్గుపడినంతగా దేనికీ సిగ్గుపడలేదు. ఏ మనిషిని చేపల కథ చెప్పి గదిలోంచి వెళ్ళగొట్టానో, ఆ మనిషి రవిక విప్పి నిలబడి, బిడ్డ కోసం గంటల తరబడి ఊపిరి తీసుకోనంటోంది. కాదనాల్సింది మళ్ళీ నేనే.

"అమ్మా, కట్టుకో" అన్న గొంతు వినిపించింది.

సత్తిబాబు లోపలికి వచ్చేశాడు. గుండీలు విప్పేంత ఓపిక లేనట్టు చొక్కా తల మీంచి లాగేశాడు. దాన్నే తల్లి భుజాల మీద కప్పాడు. కుర్చీని గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. వీపంతా తాళ్ళు కోసిన మచ్చలు. "ఇవ్వండి సిస్టరుగారూ" అన్నాడు, గోడతో మాట్లాడుతున్నట్టు.

చిన్నదాన్ని వాడి గుండెల మీద పడుకోబెట్టి గుడ్డ చుట్టాను. "ఎంత బరువుందండి ఇది? ఉందా అసలు?" అన్నాడు. కాసేపటికి దాని కాలు పట్టుకు చూస్తే వేడెక్కుతోంది.

నేను స్టోరులోకి వెళ్ళాను, ఏడవటానికి అనుకుని. అరల నిండా మడత పెట్టిన దుప్పట్లున్నాయి. వాటిని చూడగానే ఏడుపు కూడా ఆగిపోయింది. ఒకటి తీసుకొచ్చి, కిటికీ ఊచకు ఒక కొస, సెలైన్ స్టాండుకు ఇంకో కొస కట్టాను. ఆ మూల చిన్న గదిలా అయిపోయింది. పని అంతే. టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

పోలమ్మ కొడుకు చొక్కా కప్పుకుని గుమ్మంలో కూర్చుని ఆ దుప్పటి వైపు చూసింది.

"ఇదేదో పొద్దున్నే కట్టుంటే మావోడు అప్పుడే వచ్చేవోడు కదమ్మా" అంది.

గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, ఏదో ఒక జవాబు చెప్పి ఉందును. క్షమించమని అడగాలని నోరు తెరిచాను. "దగ్గుకి మందు రాసిస్తారేమో డాక్టరుగారిని అడగవా" అంటూ ఆవిడే మాట మార్చేసింది. నన్ను నా సిగ్గుతో అందరి ముందూ నిలబెట్టకుండా, నాకొక పని పురమాయించింది.

ఆ తర్వాత చాలా రోజులు సత్తిబాబు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ దుప్పటి వెనకే ఉన్నాడు. పడవ వాళ్ళు వాడు లేకుండానే వేటకి వెళ్ళారు. పెద్దది ముందు బరువు పట్టింది. చిన్నది రెండుసార్లు బెదిరించి, తర్వాత అందుకుంది. ఇద్దర్నీ ఒకే రోజు రేపల్లె రైలెక్కించాం. తర్వాత పిల్లల్ని చూపించడానికి వచ్చినప్పుడు, పడవ మీద తనను "బాలింతా" అని పిలుస్తున్నారని సత్తిబాబే చెప్పి నవ్వాడు. "పిలవనివ్వండి. వల నిండుగా వచ్చినప్పుడు కూడా ఆ పేరే పెట్టి పిలుస్తున్నారు" అన్నాడు. పోలమ్మ రాలేదు. దగ్గు తగ్గిందట, బజారుకి పోయిందట.

రోగి సిగ్గు కూడా రోగం లాంటిదేననీ, నవ్విస్తే పోతుందనీ అనుకుని పనిచేశాను అంతవరకూ. ఏళ్ళ తరబడి ఒళ్ళు చూసి చూసి, ఎదుటి మనిషికి అది తన ఒళ్ళని మరిచిపోయాను. సిగ్గుపడే మనిషికి కావలసింది చాటు.

ఇప్పుడు ఆ గదిలో కమ్మీకి వేలాడే అసలు తెరలే ఉన్నాయి. కొత్తగా చేరిన అమ్మాయిలు, గుమ్మంలో నీళ్ళు నములుతున్న తండ్రులతో "సిగ్గెందుకు సార్?" అంటుంటారు. నేను లేచి వెళ్ళి తెర లాగుతాను. లాగి, ఇవతల నోరు మూసుకుని నిలబడతాను. నాకు ఆ రెండోదే కష్టం.