గడ్డ మీద కాగిన ఇంజను

మా మేనమామ హెయికాకు ఒక్కతే కూతురు, రావ్నా. నాకు, అంటే ఈ ఎల్లేకు, వదిన వరస. ఉత్తర ధ్రువానికి దగ్గరగా ఉండే మా సరస్సు తీరాన రెయిండీర్లు కాచే కుటుంబాలన్నిట్లోనూ ఆమెకున్నంత తొందర ఇంకెవరికీ లేదు. కాఫీ పొంగు రాకముందే దించేస్తుంది. ఎండుమాంసం నమిలీ నమలకుండానే మింగేస్తుంది. "పుట్టడం కూడా తొందరపడే పుట్టింది. మంత్రసాని ఇంకా స్కీలు విప్పుకోనేలేదు" అని మామయ్య అందరికీ చెప్పి నవ్వించేవాడు.

అలాంటి మనిషి చేతికి కొత్త మంచుబండి వచ్చింది. ముందు స్కీలు, వెనక గిర్రున తిరిగే రబ్బరు పట్టాతో మంచు మీద పరిగెత్తే మోటారు బండి.

ఎనభైల నాటి మాట. మంచుబండ్లు అప్పటికి మాకు కొత్తేమీ కాదు. మామయ్యకు ఒక పసుపు బండి ఉండేది. గాలి తగిలి చల్లబడే ఇంజను, దగ్గుతూ తుమ్ముతూ నడిచినా ఎక్కడా ఆగేది కాదు. మా దేశానికి దక్షిణాదిన ఒక కంపెనీ నీళ్ళతో చల్లబడే ఇంజను తయారుచేసింది. బలం రెట్టింపు అన్నారు. అమ్మకానికి వదిలిన మొదటి చలికాలమే మా మందల సంఘానికి ఒక ఎర్ర బండిని పంపి, "బాగా తోలండి, ఏది పాడైతే అది మాతో చెప్పండి" అన్నారు. చూసుకోవడానికి యౌకో అనే ఇంజనీరును కూడా తోడిచ్చారు. పొడుగాటి మనిషి. నెమ్మదిగా, ఒక్కో మాటా తూచి మాట్లాడేవాడు.

ఎవరు తోలతారని సంఘంలో అడిగితే మగవాళ్ళందరూ బూట్ల వంక చూసుకున్నారు. కొత్త ఇంజనును నమ్మి కొండ మీద చలిలో ఇరుక్కుంటే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు. రావ్నా అప్పటికే లేచి నిలబడింది.

"నాకివ్వండి."

"ఇచ్చెయ్యండయ్యా," అన్నాడు మామయ్య. "అదీ ఇదీ రెండూ ఒక్కచోట నిలవనివే. ఒకదాన్నొకటి అలిసేదాకా తిప్పుకుంటాయి."

మొదటి రోజు నన్ను వెనక ఎక్కించుకుంది. ఆ పరుగు నేనెన్నడూ ఎరగను. మామయ్య బండి మీద కొండెక్కాలంటే సగం దూరం దిగి తొయ్యాలి. ఈ ఎర్రది బర్చి చెట్ల మధ్య నుంచి దూసుకుపోయి, మేం ఊపిరి పీల్చుకునేలోగా కొండ నెత్తిన నిలబడింది. కింద సరస్సంతా తెల్లగా పరుచుకుని ఉంది. రావ్నా ముఖానికి కట్టుకున్న గుడ్డ లాగేసి, "ఎల్లే! చూశావటే! చూశావా!" అని అరిచింది. ఆమె కనురెప్పల మీద మంచు పేరుకుని ఉంది.

దిగేటప్పుడు మొదలైంది మొదటి గొడవ. పొడి మంచు పిండిలా లేస్తోంది. బండి జోరు తగ్గాల్సిన చోట పెరుగుతోంది.

"వదినా, తగ్గించు!"

"వదిలేశానే! అదే పోతోంది!"

యాక్సిలరేటరు మీద ఆమె వేలు లేదు. అయినా ఇంజను గొంతు చించుకుంటోంది. ఎదురుగా బండరాళ్ళు కనిపిస్తున్నాయి. రావ్నా ఇంజను ఆపే మీట నొక్కి, ఒంటినంతా ఎడమకు వాల్చింది. ఇంజను ఆగింది కానీ బండి ఆగలేదు. జారుతూ జారుతూ వెళ్ళి పొదల్లో కూరుకుపోయింది. నేను తలకిందులుగా మంచులో దిగబడ్డాను. పైకి లేచేసరికి రావ్నా పొదల్లో వెల్లకిలా పడి పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"ఏంటే ఆ నవ్వు? చచ్చేవాళ్ళం!"

"చావలేదుగా! మళ్ళీ ఎక్కు."

మా షెడ్డులో యౌకో ఇంజను విప్పాడు. "పెట్రోలులో నీళ్ళు కలిశాయి, అంతే," అని రావ్నా తేల్చేసింది. "డబ్బా మార్చండి, సరిపోతుంది."

"ఉండండి," అన్నాడు యౌకో. టార్చి లైటు వేసి కార్బురేటరు లోపల చూపించాడు. గొంతు చుట్టూ పంచదార గుండ పోసినట్టు మంచు. మేం రేపిన పొడి మంచే గాలితోపాటు లోపలికి వెళ్ళి, కాస్త కరిగి, మళ్ళీ గడ్డకట్టి, గాలిని వదిలే చిన్న తలుపును తెరిచినచోటే పట్టేసింది. "పెట్రోలు బానే ఉందండీ. పాపం దాన్నేం అనకండి."

రావ్నా నాలుక కరుచుకుంది. ఇద్దరూ కూర్చుని, ఇంజను నుంచి వచ్చే వేడినీళ్ళ గొట్టాన్ని కార్బురేటరు చుట్టూ తిప్పి బిగించారు. ఆ తర్వాత ఎంత పొడి మంచులో తోలినా మళ్ళీ అది పట్టెయ్యలేదు. ఆ చలికాలమంతా ఎర్ర బండి కొండల్లో తిరుగుతూనే ఉంది. తోడేలు తరిమిన మందను ఒక్క పూటలో కూడగట్టింది. ఒకసారి బెల్టు తెగింది, ఒకసారి దీపం మాడింది. అవన్నీ లెక్కలోకి రావు. ఏ ఇంటికి వెళ్ళినా రావ్నాకు ఆ కబుర్లే. మజ్జ ఎముకల పులుసు చల్లారిపోతున్నా పట్టించుకోకుండా చేతులు తిప్పుతూ చెప్పేది.

ఏప్రిల్ వచ్చింది. అడవిలో చలికాలం గడిపిన మందను సరస్సు దాటించి, ఆడ రెయిండీర్లు ఈనే అవతలి నేలకు చేర్చాలి. ఆ పని తప్పితే ఏడాదంతా తప్పినట్టే. సరస్సు ఇంకా బండ్లు మోసేంత మందంగానే గడ్డకట్టి ఉంది. ఒక్క జలసంధి దగ్గరే భయం. అక్కడ అడుగున నీరు పారుతూ ఉంటుంది, గడ్డ పలచబడి బూడిదరంగులోకి తిరుగుతుంది. మెడలో గంట ఉన్న ముసలి రెయిండీరును వెనక కట్టుకుని నేను ఇంకో పాత మంచుబండి మీద ముందు సాగాలి. దాని వెనకే మంద వస్తుంది. మామయ్య వెనక నుంచి తోలాలి. జలసంధి వైపు మంద పోకుండా పక్కన కాపు కాసేది రావ్నా. అందరికంటే వేగం ఆమెదే కనుక.

మంద సగం దూరం వచ్చిందో లేదో, ఎర్ర బండి ముందున్న హెచ్చరిక దీపం ఎర్రగా వెలిగింది. ఇంజను కాగిపోతోంది. రావ్నా ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ తోలింది. ఒక్కసారిగా ఆవిరి తన్నుకొచ్చి, కీచుమని ఏడ్చి ఇంజను బిగుసుకుపోయింది. పక్కన కాపు లేకపోయేసరికి మంద వెనక్కి తిరిగి అడవిలోకి పరిగెత్తింది.

మామయ్య పసుపు బండి టకటకమంటూ వచ్చి పక్కన ఆగింది. ఆవిరిలో మునిగిన కూతుర్ని చూశాడు.

"ఏమ్మా, కాఫీ పెట్టావా? చెప్తే కప్పు తెచ్చుకునేవాణ్ణిగా."

"నాన్నా, ఇప్పుడొద్దు."

"నా ముసల్ది దగ్గుతుంది నిజమే. కానీ దారిలో పొయ్యి వెలిగించదు."

రావ్నా చేతి తొడుగు తీసి గడ్డకేసి కొట్టింది. తండ్రి మాటకు కాదు, మంద చేజారినందుకు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

యౌకో కొత్త పిస్టన్ వేశాడు. పంపు మార్చాడు. నీళ్ళను వదిలే వాల్వు మార్చాడు. అడవిలో తోలి చూస్తే ఇంజను చల్లగా, హాయిగా పాడుతోంది. సరస్సు మీదికి తెచ్చారో లేదో మళ్ళీ ఎర్ర దీపం. మళ్ళీ విప్పారు, మళ్ళీ బిగించారు. సూర్యుడు రోజురోజుకీ పైకెక్కుతున్నాడు. ఇంకో వారం ఎండ కాస్తే సరస్సు దాటడం కుదరదు. కడుపుతో ఉన్న ఆడ రెయిండీర్లు అడవి అంచున నిలబడి అవతలి ఒడ్డు వైపు చూస్తున్నాయి.

"ఈసారి నేను వెనక కూర్చుంటాను," అన్నాడు యౌకో. "మీరు తోలండి. నేను దీపాన్నే చూస్తుంటాను."

ఇద్దరూ సరస్సు మీద పెద్ద చుట్టు తిరిగారు. నేను ఒడ్డు నుంచి చూస్తున్నాను. దీవి చాటుకు వెళ్ళారు. అక్కడ గాలి చేర్చిన మంచు కుప్పలుగా ఉంటుంది. కుప్పలోంచి బయటికొచ్చిన బండి టక్కున ఆగింది. ఇద్దరూ దిగి ఒకేసారి చేతులు ఊపేస్తూ మాట్లాడుకుంటున్నారు. అంత నెమ్మదస్తుడు యౌకో గంతులేస్తున్నాడు! నేను స్కీల మీద పరిగెత్తాను.

"ఆరిపోయింది, ఎల్లే! కుప్పలోకి వెళ్ళగానే దీపం ఆరిపోయింది!" అంది రావ్నా.

"వేడినీళ్ళ గొట్టాలు ఇక్కడ, సీటు కింద ఉంటాయి," అన్నాడు యౌకో బండిని తడుతూ. "పట్టా తిరిగేటప్పుడు మంచును ఎగజిమ్ముతుంది. ఆ మంచు గొట్టాలకు తగిలి నీళ్ళను చల్లబరుస్తుంది."

"మరిక్కడ మంచేదీ? అంతా గాలి ఊడ్చిపారేసిందిగా! ఉత్త గడ్డ!"

"మేం అడవిలో పరీక్షించామండీ. నడుంలోతు మంచులో." యౌకో టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు. "గొట్టాలు పెద్దవి చెయ్యాలి. కానీ దానికి ఫ్యాక్టరీకి పోవాలి. వేసవి దాకా పడుతుంది."

"వేసవి దాకా అవి కడుపులు పట్టుకుని నిలబడతాయా?"

మొదట నేను బండి వెనక కూర్చుని పారతో మంచు చల్లాను. పారెడు మంచు దారంతా గాలికి పోయి, చివరికి నా ఒళ్ళోనే పడింది. అప్పుడు యౌకో అన్నాడు, "మంచు లేకపోతే గడ్డనే గీకి పొడి చెయ్యాలి. పట్టా ముందు ఏదైనా గీరుతూ ఉండాలి. వంగాలి కానీ విరగకూడదు."

రావ్నా సగం మాట విని షెడ్డు వెనక్కి పరిగెత్తింది. తిరిగొచ్చేటప్పటికి ఆమె చేతిలో రెండు స్ప్రింగు ఉక్కు పళ్ళున్నాయి. గడ్డి పోగుచేసే దంతె నుంచి ఊడబెరికినవి.

"అది నా దంతె!" అని మామయ్య కేకేశాడు.

"ఆవుల్ని అమ్మేసి ఎన్నేళ్ళయింది నాన్నా!"

"మళ్ళీ కొంటానేమో! నీకేం తెలుసు?"

"కొన్నప్పుడు చూద్దాం. ముందు ఇది పట్టుకో."

గొణుక్కుంటూనే మామయ్య వంగి ఇనుమును పట్టుకున్నాడు. యౌకో వంపు ఎంతుండాలో చెప్పాడు, రావ్నా సుత్తితో వంచింది. పట్టాకు అటొకటి ఇటొకటి, కొనలు గడ్డను గీరేలా బిగించారు. సరస్సు మీద తోలి చూస్తే వెనక తెల్లటి పొడి తోకలా లేచింది. దీపం వెలగలేదు. ముగ్గురూ ఒకరి వీపు ఒకరు చరుచుకున్నారు.

మర్నాడు పొద్దున్నే, యౌకోను మామయ్య బండి వెనక ఎక్కించుకుని బయల్దేరాం. గంట మోగిస్తూ నేను ముందు, నా వెనక బూడిదరంగు ప్రవాహంలా మంద. గిట్టల చప్పుడు సరస్సంతా నిండింది. కుడి పక్కన రావ్నా తెల్లటి తోక విసురుతూ తిరుగుతోంది.

నడిమధ్యకు వచ్చాక ఎండ తగిలి గడ్డ ఎక్కడో పగిలింది. పిడుగు పడినట్టు శబ్దం ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెత్తింది. ముందున్న రెయిండీర్లు బెదిరి, నన్నూ గంటనూ వదిలేసి జలసంధి వైపు మళ్ళాయి. వాటి వెనకే మందంతా.

"రావ్నా!" మామయ్య అరుపు అంతదూరం నుంచీ వినిపించింది. "గడ్డ నల్లబడింది! అటు పోకు!"

ఆమె పోయింది. బండి మీద లేచి నిలబడి, ఒంటిని ముందుకు వంచి, మందకూ జలసంధికీ మధ్యకు బాణంలా దూసుకుపోయింది. ఉక్కు పన్ను ఒకటి విరిగి మెరుస్తూ గాల్లోకి ఎగిరింది. మిగిలిన ఒక్కటే గడ్డను గీరుతోంది. వెనక తోక సగానికి సన్నబడింది. ఆమెకు ఎదురుగా ఎర్ర దీపం వెలిగే ఉంటుందని నాకు తెలుసు. ఇంజను బిగుసుకుపోతే ఆమె ఆగేది పలచబడ్డ ఆ గడ్డ మీదే.

బండి కింద నీళ్ళు చిమ్మడం చూశాను. రావ్నా తన ఎర్ర శాలువా విప్పి తలమీద తిప్పుతూ "హోయ్! హోయ్! హోయ్!" అంటూ ముందున్నవాటికి అడ్డం తిరిగింది. కొమ్ముల గుంపు ఒక్కక్షణం ఆగి, ఊగి, ఎడమకు ఒరిగింది. నేను బండి దిగి, ముసలి రెయిండీరు మెడ పట్టుకుని గంటను వాయించేశాను. ముందువి నా వైపు తిరిగాయి. వాటి వెనకవి తిరిగాయి. మందంతా పెద్ద చుట్టు తిరిగి మళ్ళీ దారికొచ్చింది.

అవతలి ఒడ్డున దిగాం. ఇంజను కాలిన వాసన వేస్తోంది కానీ బిగుసుకోలేదు. యౌకో దాని మీద చెయ్యి పెట్టి, చురుక్కుమంటే తీసి, మళ్ళీ పెట్టాడు. మామయ్య కూతురి దగ్గరకు వచ్చి నోరు తెరిచాడు. తిడతాడనుకున్నాం. ఆమె తలను రెండు చేతుల్లోకి తీసుకుని గుండెకేసి నొక్కుకున్నాడు. ఆ తర్వాత తిట్టాడు, చాలాసేపు తిట్టాడు. రావ్నా నవ్వుతూ, ఏడుస్తూ, వింటూ నిలబడింది. మా పక్కనుంచి ఆడ రెయిండీర్లు ఒక్కొక్కటే ఒడ్డెక్కి, కరిగిన చోట నాచు వెతుక్కున్నాయి. మొదటి పిల్ల ఆ వారంలోనే పుట్టింది.

మరుసటి ఏటి బండ్లకు గొట్టాలు పెద్దవయ్యాయి, గడ్డను గీరే ఉక్కు చువ్వలు ఫ్యాక్టరీ నుంచే బిగించి వచ్చాయి. వాటిని యౌకో నాలుగు రకాల ఉక్కుతో చేసి చూశాడట. రావ్నాను అక్కడికి పిలిపించి, ఒక చలికాలం బండ్లు తోలి పరీక్షించే పనిచ్చారు. ఈనే కాలానికి ముందే ఆమె బస్సు దిగింది. "ఏమే, అప్పుడే వచ్చేశావు?" అని నేనంటే, "అక్కడ పరీక్షకని తవ్విన గోతుల చుట్టూ తిరగడమే పని. ఎదురుగా మంద లేకపోతే ఎంత వేగం పోతే ఏం లాభం?" అంది.

తర్వాత చాలా ఏళ్ళు మా సంఘాన్ని ఆమే నడిపింది. ఏ కొత్త బండి వచ్చినా మొదట ఎక్కేది ఆమె, ఆ తర్వాత యౌకో రాసి పంపే ప్రశ్నలకు ఫోనులో గట్టిగా అరుస్తూ జవాబు చెప్పేదీ ఆమే. ఇప్పుడు మోకాళ్ళు సహకరించవు. అయినా పోయిన ఈస్టరుకు ఎవరో చప్పుడే చెయ్యని కరెంటు మంచుబండి తెచ్చారని తెలిసి, పులుసు గిన్నె పొయ్యి మీదే వదిలేసి నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

"పద ఎల్లే! చలికి దాని బ్యాటరీ ఎక్కడ చస్తుందో చూడాలి!"