టేపు కొస

నిన్న సాయంత్రం కామారెడ్డిలో మా ముందు గదిలో కోడలు గిఫ్టు కాగితం పరిచి టేపు లాగింది. మనవరాలి స్నేహితురాలి పుట్టినరోజట. చర్రుమన్న ఆ చప్పుడుకు చేతిలోని పత్రిక పక్కన పెట్టేశాను. ఉద్యోగంలో ఉన్నప్పుడూ, దిగిపోయాకా డైరీ రాయని రోజు లేదు నాకు. నిన్నటి పేజీలో మాత్రం రాజవ్వ పేరొక్కటే ఉంది.

ఉద్యోగం కొత్తలో ఎల్లారెడ్డిలో రాజవ్వ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. భర్త పోయాక బీడీలు చుట్టి కొడుకు నర్సింలును పెంచిన మనిషి. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. ఆమె పక్కన కూర్చున్నా ఆ ఘాటుకు గొంతు పట్టేసేది. వాడలో ఎవరింట పెళ్లయినా గోడ గడియారమో, స్టీలు గిన్నెల సెట్టో పట్టుకొని జనం ఆమె దగ్గరికే వచ్చేవారు. పాత క్యాలెండర్ కాగితాన్ని తెల్లటి వైపు పైకి వచ్చేలా చుట్టేది. గిన్నెలాంటి గుండ్రటి వస్తువైతే కాగితాన్ని చీర కుచ్చిళ్లలా మడతలు పెడుతూ మీదికి తెచ్చి బీడీ దారంతో బిగించేది. డబ్బా అయితే రెండు చివరలనూ బీడీ మూతి మడిచినట్టే గోటితో లోపలికి నొక్కేది. ఆ పైన తునికాకును విసనకర్రలా మడిచి అతికించేది. అంగడి గిఫ్టుల మధ్య ఆమె కట్టింది ఏదో దూరం నుంచే తెలిసిపోయేది.

ఒకసారి తోటి ఉద్యోగి పెళ్లికి నేనే గడియారం కట్టి ఆమెకు చూపించాను. ఊడిపోకూడదని టేపు చుట్టూ తిప్పాను.

“ఏంది సారూ, గిది గిఫ్టా, గోడకు అంటువెట్టిన పోస్టరా? విప్పేటోల్లు పండ్లతోని కొరకాల్నా?” అని నవ్వి, అంతా ఊడదీసింది. చిన్న ముక్క అతికించి దాని చివర కొంచెం లోపలికి మడిచింది. “గీ కొస గింత మడువు. విప్పేటోల్ల వేలికి దొర్కాలె. మనం కట్టేటప్పుడు వాల్ల చెయ్యి యాదికుండాలె.”

గడపలో కూర్చున్న నర్సింలు ఊరుకోలేదు. “మా అవ్వకు పని లేదు సారూ. చింపి పారేసే కాయిదానికి గింత సోకు!”

“చింపద్దనే గదరా మడ్సుడు, పోరడా!”

ఆ నర్సింలే కొన్నేళ్లకు భవనాల పనికి గల్ఫ్ వెళ్లాడు. రాజవ్వ సకినాల డబ్బాకు గుడ్డ చుట్టి, టేపు వేసి, కొస మడిచి సంచిలో పెట్టింది. అక్కడికి చేరాక వాడు ఫోన్‌లో చెప్పిన మొదటి మాటను ఆమె కనిపించిన వాళ్లందరికీ చెప్పుకుంది: “కొస దొర్కిందే అవ్వా, విప్పి తిన్న.”

వాడు పని చేస్తున్న అంతస్తు మీది నుంచి పడిపోయాడని కబురు వచ్చేనాటికి నాకు కామారెడ్డికి బదిలీ అయింది. శవం రావడానికి చాలా రోజులు పట్టింది. హైదరాబాద్ నుంచి హైవే మీద వస్తున్న అంబులెన్సు కోసం ఎదురు వెళ్లి భిక్నూర్ దగ్గర ఎక్కాను. ఎల్లారెడ్డి దాకా శవపెట్టె పక్కనే కూర్చున్నాను. ఎక్కడా సందు లేకుండా మరలు బిగించి ఉంది.

ఇంటి ముందు పెట్టె దించగానే పక్కింటి మహమూద్ భాయ్ అడ్డం వచ్చాడు. తానూ గల్ఫ్‌లో పని చేసి వచ్చినవాడు. “తెర్వద్దవ్వా. శాన దినాలైంది. గట్లనే తీస్కపోదాం.”

“అండ్ల ఉన్నది మా పోరడే అని నాకెట్ల తెల్వాలె?”

“మీద పేరు రాసిండ్రు గదవ్వా.”

“పేరు ఎవ్వలైన రాస్తరు.” ఆమె నా వైపు తిరిగింది. “సారూ, నువ్వు విప్పు.”

మహమూద్ భాయ్ ఇంట్లోంచి స్క్రూడ్రైవర్ తెచ్చి ఇచ్చాడు. మూత లేపగానే వాసనకు జనం వెనక్కి జరిగారు. లోపల తెల్లగుడ్డ, దాని మీద గోధుమరంగు టేపు, చుట్టు మీద చుట్టు. నేను బీడీల కత్తెర అందుకున్నాను.

“కొయ్యకు,” అంది రాజవ్వ.

పెట్టె పక్కన కూలబడి టేపు మీద గోరు పెట్టింది. కొస కోసం వెతికింది. గోరు ఒక వరస వెంట పోయేది, ఆగేది, మళ్లీ మొదటికి వచ్చేది. ఏళ్ల తరబడి ఆకు మూతులు మడిచిన గోరు అది. అయినా దొరకలేదు.

“కొస మడువలే సారూ,” అంది. గొంతులో ఏడుపు లేదు. “ఇంట్లోల్లు విప్పుతరని ఎవ్వలు అనుకోలే.”

చివరికి ఎక్కడో దొరికింది. చింపకుండా, గుడ్డ లాగకుండా మెల్లగా తీసింది. కనిపించిన ముఖాన్ని నేను డైరీలో రాయలేదు, ఇక్కడా రాయను. ఆమె మాత్రం చాలాసేపు చూసింది.

“నర్సింలే,” అంది.

తర్వాత గుడ్డ మళ్లీ కప్పి, మూలలు గోటితో నొక్కి, అదే టేపు అదే వరసలో వేసింది. చివరన కొస మడిచింది.

“ఇంకెవ్వలు విప్పుతరవ్వా?” అన్నాడు మహమూద్ భాయ్.

ఆమె పెట్టె మూత దగ్గరికి లాక్కుంది.

ఆ తర్వాత రాజవ్వ ఏ పెళ్లికీ గిఫ్టు కట్టలేదు. బీడీలు మాత్రం చుట్టింది, దగ్గు ముదిరి మంచం పట్టేదాకా. ఆ మంచం మీద నుంచి లేవలేదు.

నిన్న కోడలి దగ్గర టేపు తీసుకున్నాను.

“ఎందుకు మామయ్యా, పిల్లలు ఎట్లన్న చింపుతరు,” అంది.

“చింపనియ్యి.”

చిన్న ముక్క అతికించి, కొస మడిచాను. కళ్లు మూసుకుని వేలితో తడిమి చూశాను. దొరికింది.