అమ్మకు సగం కంచమే

నా చిన్నప్పుడు మాదాపూర్ వైపు ఇంకా గుట్టలు పేలుస్తూనే ఉండేవాళ్ళు. ఆ రాళ్ళు తీసిన చోట లేస్తున్న పెద్ద పెద్ద ఆఫీసు మేడల దగ్గర మా నాయన మేస్త్రీ పని చేసేవాడు, అమ్మ కంకర మోసేది. పాలమూరు నుంచి వచ్చి బోరబండలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళం. అమ్మ మళ్ళీ నీళ్ళోసుకుందని తెలియగానే ఊరి నుంచి మా నానమ్మ మూట కట్టుకుని వచ్చేసింది.

వచ్చిన నాటి నుంచి అమ్మను తట్ట ముట్టనివ్వలేదు. నీళ్ళు తనే మోసేది, బట్టలు తనే పిండేది, పొద్దుగూకితే అమ్మ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని పిసికేది. ఆ అత్తాకోడళ్ళను చూసి వాడకట్టు ఆడవాళ్ళు ముచ్చటపడేవాళ్ళు. కాని ఐదో నెల పడగానే అన్నం దగ్గర మాత్రం నానమ్మ చెయ్యి బిగిసిపోయింది. అమ్మకు సగం కంచమే పెట్టేది. గుడ్డు వద్దు, పాలు వద్దు, పల్లీలు అసలే వద్దు. "కడుపు నిండ తింటె లోపల బిడ్డకు జాగ ఉండదు. బిడ్డ బలిస్తె కాన్పు కష్టమైతది," అనేది.

నాయన పని నుంచి వస్తూ ఉడకబెట్టిన పల్లీలు తెస్తే ఆ పొట్లం నానమ్మ నాకిచ్చేది. నేను తింటుంటే అమ్మ గోడ వైపు తిరిగి పడుకునేది. నాయన ఒకసారి గట్టిగానే అడిగాడు గానీ, ఆడోళ్ళ సంగతి నీకెందుకురా అని నానమ్మ అనేసరికి ఊరుకున్నాడు. బియ్యం చెరుగుతూ అమ్మ కొన్ని గింజలు నోట్లో వేసుకోవడం, నానమ్మ వస్తున్న చప్పుడైతే నమలడం ఆపేయడం నేను చాలాసార్లు చూశాను.

పక్క గదిలో ఒక అక్క ఉండేది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడి దవాఖానలో నర్సుగా చేసేది. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ మా గడప దగ్గర ఆగి, అమ్మ కింది రెప్ప లాగి చూసింది. "ఈవిడకి రక్తమే లేదండీ మామ్మగారూ. బాగా పెట్టండి. ఈవిడ తింటేనే కదా లోపల బిడ్డకి," అని చెప్పి, రక్తం పట్టడానికి మాత్రలు కూడా తెచ్చిచ్చింది. నానమ్మ తల ఊపింది. ఆమె అటు పోగానే మాత్రలు డబ్బాల వెనక పెట్టేసింది. అవి కూడా బిడ్డను బలిపిస్తాయని ఆమె నమ్మకం. అక్క వచ్చినప్పుడల్లా చెప్పింది, చివరికి కోప్పడింది. కోప్పడిన కొద్దీ నానమ్మ ఇంకా మొండికేసింది.

నెలలు నిండకముందే అమ్మకు నొప్పులు మొదలయ్యాయి. అక్కే ఆటో పిలిపించి దవాఖానకు తీసుకుపోయింది. నానమ్మ కోరుకున్నట్టే కాన్పు తేలికగా అయింది, తమ్ముడు పుట్టాడు. కాని ఆ తర్వాత అమ్మకు రక్తం పోవడం ఆగలేదు. అసలే లేని రక్తం. నాయన, ఆయనతో పనిచేసేవాళ్ళు పరుగెత్తుకొచ్చి రక్తమిచ్చారు. తమ్ముణ్ణి వెచ్చగా ఉంచే పెట్టెలో పెట్టారు. గట్టిగా ఏడవడానికి కూడా వాడికి ఓపిక లేదు.

నానమ్మ వరండాలో గోడకు ఆనుకుని కూలబడి ఉంది. అక్క వస్తుంటే, ఇగ తిడుతుందని నేను భయపడ్డాను. ఆమె వచ్చి నానమ్మ పక్కనే నేల మీద కూర్చుంది. "మీ భయమేంటి మామ్మగారూ?" అని అడిగింది.

నానమ్మ అక్క వైపు తిరిగింది. "నాకొక బిడ్డ ఉండె," అంది. నాకొక మేనత్త ఉండేదని అప్పుడే తెలిసింది. "తొలి కాన్పుకు ఇంటికొచ్చింది. నెయ్యి, పెరుగు, ఏదడిగితే అది నా చేతులతోని తినిపిచ్చిన. పిల్ల కడుపుల నుంచి బయటికి రాలే. తిని తిని బిడ్డ బలిసిందన్నరు. ఇద్దరు పోయిన్రు. నేనే చంపుకున్న."

అక్క నెమ్మదిగా, ముందు ఏం బయటికి వచ్చిందో గుర్తుందా అని అడిగింది.

"చెయ్యి. చిన్న చెయ్యి."

"అయితే బిడ్డ అడ్డం తిరిగిందండీ. మీరు పెట్టిన తిండి వల్ల కాదు. ఆపరేషన్ చేసే చోటికి తీసుకెళ్ళాల్సింది, అంతే."

నానమ్మ ఏడవలేదు. అమ్మ ఉన్న గది వైపు చూసి, "మరి దీన్ని? గిట్ల నేనే జేసిన్నా?" అంది.

అక్క అబద్ధం చెప్పలేదు. "తిండి తక్కువైందండీ, అది నిజం. కానీ మీ ఒక్కరి తప్పే కాదు. పెట్టమని అన్నిసార్లు చెప్పాను గానీ, ఎందుకు పెట్టట్లేదని ఒక్కసారైనా అడగలేదు," అని నానమ్మ చెయ్యి పట్టుకుంది.

అమ్మ బతికింది, తమ్ముడూ బతికాడు. కాని అమ్మ మళ్ళీ తట్ట ఎత్తలేకపోయింది. కాస్త దూరం నడిస్తే ఆయాసపడేది. తమ్ముడు ఈనాటికీ బక్కపలచనే, చిన్నప్పుడు ఏ కాస్త చలికైనా మంచం పట్టేవాడు. ఇంటికొచ్చాక నానమ్మ కంచం నిండా వడ్డించి అమ్మ ముందు కూర్చునేది. ఒకరోజు అమ్మ, "అప్పుడు పెట్టకపోతివి అత్తమ్మా," అంది. కోపంగా కూడా అనలేదు. నానమ్మ లేచి బయటికి పోయి, పొద్దుపోయేదాకా లోపలికి రాలేదు. వాళ్ళిద్దరి మధ్య ఆ ఒక్క మాటే ఎప్పటికీ మానని గాయంలా మిగిలింది.

ఇప్పుడు నేను మణికొండలో ఉంటాను, నా తల కూడా నెరుస్తోంది. మా అపార్ట్‌మెంట్లోనూ కడుపుతో ఉండి తిండి తగ్గించుకునే ఆడపిల్లలు కనపడుతుంటారు. లావైపోతానని ఒకమ్మాయి, ఎవరో ఏదో చెప్పారని ఇంకో అమ్మాయి. తినమనే మాట నా నోటి దాకా వస్తుంది. ఆపుకుని ముందు పక్కన కూర్చుంటాను, నీ భయమేంటమ్మా అని అడుగుతాను. వెంటనే చెప్పరు. అయినా లేచి రాను.