సగం చదివి చెప్పిన గ్రీకు నాటకం

నాకు యాభై రెండో ఏట అక్షరాలు వచ్చాయి. చర్చి వరండాలో సాయంత్రం పూట ఒక టీచరమ్మ నేర్పింది. బైబిలు కూడబలుక్కుని చదవడం వచ్చాక లైబ్రరీకి పోయి ఒక పుస్తకం తెచ్చుకున్నాను. అట్ట మీద నోరంతా తెరిచి నవ్వే మొహం బొమ్మ ఉందని తెచ్చాను. లోపల చూస్తే గ్రీసు, రోము దేశాల పాతకాలపు హాస్యనాటకాల చరిత్ర. రోజుకు ఒక పేజీ, ఒంట్లో బాగుంటే రెండు చదివేదాన్ని.

గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీ షెడ్డులో మిరపకాయలకు తొడిమలు తీసే పని నాది. ఇరవై మందిమి ఆడవాళ్ళం ముక్కుకు పైట కట్టుకుని, చేతులకు నూనె రాసుకుని వరసగా కూర్చునేవాళ్ళం. నిన్న చదివిన పేజీ ఇవాళ వాళ్ళకు చెప్పేదాన్ని.

మొదటి భాగం వాళ్ళకు భలే నచ్చింది. ద్రాక్షసారా దేవుడి పండగకు ఏథెన్సు పట్నంలో నాటకాలు పోటీపడి ఆడేవాళ్ళట. ఇరవై నలుగురి బృందం పిట్టల వేషాలో జంతువుల వేషాలో వేసుకుని, మధ్యలో కథ ఆపేసి, జనం వైపు తిరిగి నేరుగా మాట్లాడేదట. పట్నాన్ని ఏలే పెద్దమనుషుల్ని పేరు పెట్టి ఏకేసేవాళ్ళట.

నా పక్కన కూర్చునే ఆమె చెయ్యి ఆపింది. ఆమెకు బస్సు గుద్ది కాలు విరిగింది. వంగి కలుపు తీయలేదు, నిలబడి పత్తి తీయలేదు. కూర్చుని చేసే పని ఇదొక్కటే. మనుషుల్ని అనుకరించడంలో మాత్రం దిట్ట. ఘాటుకు గుమ్మం దాటి లోపలికి రాలేని మా యజమాని, జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని “ఘాటెక్కడుందమ్మా, ఊరికే దగ్గుతారు” అనే తీరు ఆమె చేస్తే పడీపడీ నవ్వేవాళ్ళం.

“వదినా, నిజంగా పేరు పెట్టే అనేవాళ్ళా?” అని అడిగింది.

“నిజమేనే. అచ్చేసి ఉంది.”

“ఆ పెద్దమనిషి ఎదురుగా కూర్చున్నా కూడానా?”

“ముందు వరసలో కూర్చున్నా సరే.”

“మరి తన్నలేదా?”

“తన్నేదేందే, గెలిచినోళ్ళకి బహుమతి కూడా ఇచ్చారంట.”

అవతల నుంచి ఒకామె అంది: “మనకి బహుమతొద్దులే తల్లీ, చెప్పు తియ్యకపోతే చాలు.”

సీజన్ ఆఖర్లో యజమాని షెడ్డు బయట మాకు బిర్యానీ పెట్టించాడు. తన వియ్యంకుల్ని కూడా తీసుకొచ్చి కుర్చీల్లో కూర్చోబెట్టాడు. “ఏదమ్మా, నువ్వు బాగా నవ్విస్తావంటగా, ఒకటి చెయ్యి” అన్నాడు ఆమెతో. ఆమె నా వైపు చూసింది. నేను తల ఊపాను. లేచి, ఆయన పేరు చెప్పి మరీ ఆయన్నే చేసింది. వియ్యంకుడు కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వాడు. యజమాని కూడా నవ్వాడు.

మర్నాడు గేటు దగ్గర మేస్త్రి ఆమెను ఆపాడు. “నీకిక పని లేదమ్మా.”

“ఎందుకు లేదయ్యా? అడిగితేనేగా చేశా!”

“నాకేం తెలుసు, ఆయన్నే అడుక్కో.”

ఆయన్నడిగితే, “అయ్యో, నాకేం కోపం లేదమ్మా. పనోళ్ళ సంగతి మేస్త్రిదే” అన్నాడట. మేం పంతొమ్మిది మందిమి తలలు వంచుకుని లోపలికి పోయాం. అందరికంటే ముందు నేనే పోయాను. అప్పుడు నోరు తెరవలేదు, ఆ తరవాతా తెరవలేదు.

మిగతా పుస్తకం అప్పుడు చదివాను. ఏథెన్సు యుద్ధంలో ఓడిపోయింది. రానురాను పేర్లు పెట్టి అనడం తగ్గిపోయింది. నాటకం వీధిలోంచి ఇళ్ళల్లోకి జరిగింది. పిసినారి ముసలాడు, ప్రేమలో పడ్డ కుర్రాడు, గొప్పలు పోయే వంటవాడు, చిన్నప్పుడు తప్పిపోయి చివర్లో దొరికే పిల్ల, ఇవే కథలు. బృందానికి కథలో పని పోయింది. వాళ్ళ పాట కూడా రాయకుండా, ‘ఇక్కడ బృందం పాట’ అని గుర్తు పెట్టి వదిలేశారట. అది చదివినప్పుడు గేటు దగ్గర మేమే గుర్తొచ్చాం.

రోము వాళ్ళు ఆ నాటకాల్నే తమ భాషలోకి తెచ్చుకుని, గ్రీకు బట్టలే కట్టి, గ్రీకు ఊళ్ళో జరిగినట్టే ఆడారు. అక్కడ గొప్పోళ్ళని ఎగతాళి చేసిన ఒక కవిని జైల్లో వేశారని చెబుతారట. వాళ్ళ నాటకాల్లో బానిస యజమానిని బోల్తా కొట్టిస్తాడు. అందరూ నవ్వుతారు. ఆ నవ్విన యజమానులు ఇంటికి పోయి బానిస చేతే కాళ్ళు కడిగించుకుని ఉంటారు. ఇది పుస్తకంలో లేదు, నేను అనుకున్నది.

ఇదంతా ఆమె ఇంటికి పోయి చెప్పాను. మంచం మీద కాలు చాపుకుని విన్నది.

“ఎన్నో పేజీలో ఉంది వదినా, జైల్లో వేసింది?”

“నూటముప్ఫయ్యో పేజీలో.”

“పేరు పెట్టి అన్నారని నాకు చెప్పేనాటికి నువ్వెంతవరకు చదివావు?”

“నలభై.”

ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

ఈ సీజన్‌కీ ఆమెను పనికి పిలవలేదు. చుట్టుపక్కల షెడ్ల వాళ్ళూ పిలవలేదు. ఆమె చోట ఇప్పుడు ఇంకొకామె కూర్చుంటుంది. మంచి మనిషే. ఎవరి జోలికీ పోదు. పని చకచకా చేస్తుంది.